వార్డెన్ సంతకం, నా నోటుబుక్కు

కిందటేడు వేసవిలో ఖమ్మంలో ఇల్లు మారుతూ అటక మీది సామాను దింపిస్తుంటే, పాత పరీక్ష పేపర్ల కట్టల మధ్య ఒక నోటుబుక్కు బయటపడింది. నీలం అట్ట, 200 పేజీలు. అట్ట మీద నా చేతిరాతే: “భద్రాచలం, ఏప్రిల్ 2010”. లోపల స్కేలు పెట్టి గడులు గీసుకున్నాను. పేరు, ఊరు, బడి, క్లాసు, ఎన్ని సూదులు వేశారు, పెద్దమనిషి అయిందా, అయితే ఎప్పుడు, సూది తర్వాత ఏమేం బాధలు. నలభైకి పైగా పేర్లున్నాయి. అందరూ పదీ పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలు. కొన్ని గడుల్లో కడుపునొప్పి, తలతిప్పు, నెలసరి ముందే వచ్చింది, పది రోజులు ఆగలేదు అని ఉంది. ఒక చోట “ఇంట్లో చెప్పొద్దంది” అని రాసి, దాని కింద గీత కూడా గీశాను.

సామాను మోస్తున్న కుర్రాడు “మేడం, ఇది కూడా తూకానికేనా?” అని ఆ పుస్తకాన్ని చిత్తుకాగితాల కుప్ప మీదికి విసరబోయాడు. గభాల్న లాక్కున్నాను. అది తూకానికి పోయి ఉంటే ఏ బజ్జీల బండి దగ్గరో ఆ పిల్లల నెలసరి వివరాలు పొట్లాలు కట్టడానికి పనికొచ్చేవి. పదిహేనేళ్లు ఆ పుస్తకం నా అటక మీద ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు.

ఆ రాత్రి కూర్చుని గడులన్నీ చదివాను. మేం ఆ రోజుల్లో ఎవరి మీద కోపంతో భద్రాచలం బస్సెక్కామో వాళ్ల ఫారం గుర్తొచ్చింది. వాళ్లు అడిగినవీ నేను అడిగినవీ చాలావరకు ఒకటే. ఒక్క తేడా. వాళ్ల ఫారంలో సంతకానికి చోటుంది, ఆ చోటులో ఎవరో ఒకరి సంతకమో వేలిముద్రో ఉంది. నా పుస్తకంలో సంతకానికి చోటే లేదు.

భద్రాచలంలో జరిగిన దాన్ని గురించి మన పత్రికల్లో చాలానే వచ్చింది. టీకా గురించి, మందుల కంపెనీల గురించి, ఆదివాసీ పిల్లల్ని ప్రయోగశాల ఎలుకల్ని చేయడం గురించి రాశాం, మాట్లాడాం. ఆ పిల్లల సొంత వివరాలు ఎవరి చేతుల్లోకి పోయాయి, ఎవరి అనుమతితో పోయాయి, తర్వాత ఏమయ్యాయి అన్న కోణం నుంచి మాత్రం చూడలేదు. చూడకపోవడానికి కారణముంది. అలా చూస్తే మనమూ అందులో కనిపిస్తాం.

2009 జూలై 9న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్.పి.వి. టీకా కార్యక్రమం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. డబ్బు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌ది. ఇక్కడ మెర్క్ కంపెనీ గార్డసిల్ వేశారు, గుజరాత్‌లోని వడోదరలో గ్లాక్సో కంపెనీ సెర్వారిక్స్. ఇక్కడ సుమారు 14,000 మంది పిల్లలు, అక్కడ సుమారు 10,000 మంది. మూడేసి డోసులు. కాగితాల మీద దాన్ని ఒక చోట “ప్రదర్శన ప్రాజెక్టు” అన్నారు, ఒక చోట పరిశీలన అధ్యయనం అన్నారు. పిల్లలకు మాత్రం సర్కారు సూది. పోలియో చుక్కలు, ధనుర్వాతం సూది ఎలా వస్తాయో ఇదీ అలాగే తెల్లకోటు, ఏఎన్ఎం, బడి వరండాలో బల్ల, వరసలో పిల్లలు.

టీకా మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన ఆడవాళ్లను చంపుతున్న మాట నిజం, ఈ టీకా దాన్ని అడ్డుకుంటుందన్నదీ నిజం. మా చెల్లెలి కూతురికి నేనే దగ్గరుండి వేయించాను. (ఈ వాక్యం రాసే ముందు ఆ పిల్లను అడిగాను. “నా పేరు రాయకపోతే రాసుకో పెద్దమ్మా” అంది.) మా చెల్లెలు ఆ రోజు డాక్టరును ఎన్ని ప్రశ్నలడిగిందో నాకు గుర్తుంది. ఎందుకు, ఎన్నిసార్లు, జ్వరం వస్తే ఏం చెయ్యాలి, ఇప్పుడే వేయించాలా, మళ్లీ రావొచ్చా? ఇంటికెళ్లి ఆలోచించుకుని వారం తర్వాత వచ్చింది. ఆ వారం రోజులే భద్రాచలం హాస్టల్ పిల్లకు లేకుండా పోయింది.

ఆశ్రమ పాఠశాలలోని పిల్ల తల్లిదండ్రులు మిరప కోతల్లో ఉంటారు, తునికాకు కోసం అడవిలో ఉంటారు, లేదా నడిచి వెళ్తే పూట పట్టే గూడెంలో ఉంటారు. వాళ్లను పిలిపించి చెప్పాలంటే సమయం పడుతుంది. ఆ సమయం పెట్టకుండా దగ్గరి దారి వెతికారు. తల్లిదండ్రులు అందుబాటులో లేనిచోట ప్రధానోపాధ్యాయులు సంతకం చెయ్యవచ్చని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ ఫారాల లెక్క బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. రెండూ కలిపితే దాదాపు సగం. విడిగా తీసి చూసిన వంద ఫారాల్లో 69 మీద సాక్షి సంతకం లేదు. చాలావాటి మీద తేదీ లేదు. ఒకే వ్యక్తి ఏడు ఫారాల మీద సంతకం చేశారు. పాత్ సంస్థ తప్పు చేశామని ఒప్పుకోలేదు. కానీ ఫారాల మీది సంతకాలు ఎవరివన్నది అభిప్రాయానికి సంబంధించిన విషయం కాదు, లెక్కకు సంబంధించింది.

వార్డెన్లను తిట్టడం నాకిష్టం లేదు. వాళ్లలో చాలామంది ఆ పిల్లలకు తల దువ్వి, గజ్జి మందు రాసి, రాత్రి జ్వరమొస్తే జీపు కోసం పరుగెత్తే ఆడవాళ్లే. పైనుంచి కాగితం వస్తే సంతకం పెట్టడం వాళ్ల ఉద్యోగంలో భాగం. బియ్యం రిజిస్టరులో పెట్టిన సంతకమే ఇక్కడా పెట్టారు. నన్ను బాధపెట్టేది అదే. బియ్యానికీ పిల్ల ఒంటికీ ఒకే సంతకం సరిపోయింది.

ఫారంలోని మిగతా గడుల సంగతి కూడా చూడాలి. వయసు అన్న గడి ఉంది. పదేళ్లు నిండితేనే సూది. ఆ వయసు ఎక్కడి నుంచి వచ్చింది? బడి రిజిస్టరు నుంచి. బడి రిజిస్టరులోకి ఎక్కడి నుంచి వచ్చింది? బడిలో చేర్చుకునే రోజు అయ్యవారు పిల్లను ఎగాదిగా చూసి, కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవిని అందుకుంటుందో లేదో చూసి, జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవారు. ఏజెన్సీ బళ్లలో చదువుకున్న నా విద్యార్థినుల్లో ఎంతమంది పుట్టినరోజులు జూన్‌లో ఉండేవో! తల్లి చెప్పే లెక్క వేరు. ఫలానా గోదావరి వరద వచ్చిన ఏడు, ఫలానా పండగ తర్వాత అంటుంది. ఆ లెక్కకు ఫారంలో గడి లేదు. అంటే ఆ పిల్ల “వ్యక్తిగత సమాచారం” అని మనం పిలిచేదాంట్లో పుట్టిన తేదీ అయ్యవారిది, సంతకం వార్డెన్‌ది, పేరు కూడా కొన్నిసార్లు బడిలో దిద్దిందే. ఆ పిల్ల ఒళ్లు ఒక్కటే ఆమెది.

ఇక పిల్లల చేతికిచ్చిన టీకా కార్డు ఇంగ్లీషులో ఉంది. 2010 మార్చి చివర్లో ఢిల్లీకి చెందిన సమ అనే స్త్రీల ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లులతో మాట్లాడి వెళ్లింది. ఆ నివేదిక చదివితే పిల్లలకు ఏం చెప్పారో, ఏం చెప్పలేదో తెలుస్తుంది. గర్భసంచి క్యాన్సర్ రాదని చెప్పారు. ఇది పరిశీలన కోసం జరుగుతున్నదని చెప్పలేదు, వద్దనవచ్చని చెప్పలేదు. గోప్యత అంటే మనం సాధారణంగా మన సంగతులు ఇతరులకు తెలియకుండా ఉండటం అనుకుంటాం. ఇక్కడ అది తలకిందులైంది. దాచుకునే హక్కు సంస్థకు దక్కింది, చెప్పుకోవలసిన బాధ్యత పిల్లలకు పడింది. పిల్ల గురించి సంస్థకు ఊరు, బడి, వయసు, ఆరోగ్యం అన్నీ తెలుసు. సంస్థ గురించి పిల్లకు పేరు కూడా తెలియదు. ఆ పేరు పలకమంటే మా ముందు నవ్వారు.

2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అప్పటికి ఇక్కడ అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం అయిదు మరణాలకు టీకాతో సంబంధం లేదని, మిగిలిన రెండింటికి కూడా సంబంధం ఉండే అవకాశం తక్కువని తేల్చింది. నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా అని కారణాలు రాశారు. ఆ కారణాల్ని తోసిపుచ్చే వైద్య జ్ఞానం నాకు లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఒక పన్నెండేళ్ల పిల్ల పురుగుమందు తాగింది అన్న మాట ఒక ఇంటికి సంబంధించింది. తల్లి ఎవరికి చెప్పుకోవాలో, ఎవరికి చెప్పుకోకూడదో తల్లి ఇష్టం. అది పత్రికల్లో పేరుతో, ఊరుతో, తండ్రి పేరుతో వచ్చింది. టీవీ బండ్లు గుడిసె ముందు ఆగాయి. ఫోటో ఉందా అమ్మా అని అడిగారు. ఉన్నది బడి గుర్తింపు కార్డు మీది ఫోటో ఒక్కటే. అదే తెర మీదికి వెళ్లింది.

మేమూ వెళ్లాం. ఆ ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు మిత్రులూ నేనూ తెల్లవారుజామున ఖమ్మంలో బస్సెక్కి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరాం. ఇప్పపూల కాలం. గూడేల్లో చాపల మీద పూలు ఎండుతున్నాయి, ఊరంతా ఆ తీపి వాసన. పిల్లలు సెలవులకు ఇళ్లకు వచ్చారు. చెట్టు కింద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ అడుగుతూ నేను రాసుకున్నాను. చుట్టూ మిగతా పిల్లలు, అన్నదమ్ములు, ఒకరిద్దరు ముసలివాళ్లు. అందరి ముందూ “నెలసరి ఎప్పుడు మొదలైంది?” అని అడిగాను. నేను స్త్రీవాదిని. బహిష్టు గురించి సిగ్గుపడనక్కర్లేదని క్లాసులో చెప్పేదాన్ని. ఆ పిల్లలు తల వంచుకుని పాదంతో మట్టిలో గీతలు గీస్తుంటే, ఆ సిగ్గును పితృస్వామ్యం నేర్పిన సిగ్గు అనుకున్నాను. అది నా ప్రశ్నకు వాళ్లు చెప్పిన “వద్దు” కావచ్చునని అనుకోలేదు.

మన ఉద్యమం మొదలే లోపలి సంగతులు బయటికి తేవడంతో అయింది. వంటింట్లో, పడకగదిలో జరిగేది ప్రైవేటు వ్యవహారం కాదు, రాజకీయం అన్నాం. అలా అనకపోతే ఒక్క గృహహింస కేసు కూడా బయటికి వచ్చేది కాదు. కానీ మన కథ మనం చెప్పుకోవడానికీ, ఇంకొకరి కథ మనం బయటికి తేవడానికీ మధ్య గీత ఉంది. ఆ గీత ఎక్కడుందో మధ్యతరగతి గదుల్లో కూర్చున్నప్పుడు బాగానే తెలుస్తుంది. మనలో ఒకరి గర్భస్రావం గురించి ఆమె అనుమతి లేకుండా ఇంకొకరు వ్యాసం రాయరు కదా! గోదావరి వంతెన దాటాక ఆ గీత చెరిగిపోతుంది.

ఇది 2009లో మొదలైంది కూడా కాదు. భద్రాచలం తాలూకా 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. ఆ రోజుల్లోనే భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ రెవరెండ్ జాన్ కెయిన్ ఈ ప్రాంతం గురించి, కోయల గురించి ఇండియన్ ఆంటిక్వరీలో వరసగా రాశాడు. పెళ్లిళ్లు, చావులు, పిల్లను ఎత్తుకుపోయి చేసుకునే వివాహాలు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి పుస్తకం వేసినప్పుడు కోయల భాగంలో కెయిన్ రాతల మీద బాగా ఆధారపడ్డాడు. ఈ థర్‌స్టన్ ముక్కులూ తలలూ కొలిచే పరికరాలు పట్టుకుని ఊళ్లు తిరిగినవాడు. తనను చూసి జనం పారిపోయేవారని ఆయనే వేళాకోళంగా రాసుకున్నాడు. వయనాడులో పనియ స్త్రీలైతే తమలో బాగున్నవాళ్లను పట్టుకుపోయి, లోపల గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట. ఆ మాటను ఆయన మూఢత్వానికి ఉదాహరణగా రాశాడు. నాకు అది చాలా తెలివైన అనుమానంగా కనిపిస్తుంది. తమ కొలతలు ఎక్కడికి చేరతాయో వాళ్లు ఇంచుమించు సరిగ్గానే ఊహించారు. సమ్మతి పత్రం లేని కాలంలో అడవిలోకి పరుగెత్తడమే వాళ్లు చెయ్యని సంతకం.

హైమన్‌డార్ఫ్ అలాంటివాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోయిన ఈ ఆస్ట్రియన్ మానవ శాస్త్రవేత్త, భార్య బెట్టీతో కలిసి పాపికొండల ప్రాంతంలో కొండరెడ్ల మధ్య పనిచేశాడు. వాళ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. వాళ్ల భూముల గురించి, కలప కాంట్రాక్టర్ల దోపిడీ గురించి గట్టిగా మాట్లాడాడు. ఆయన సలహాల వల్ల ఆదివాసులకు మేలు జరిగిందని చరిత్ర పాఠం చెప్పే మనిషిగా నేను ఒప్పుకుంటాను. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ ఫోటోల్లో గోదావరి ఒడ్డు స్త్రీలున్నారు, పైన గుడ్డ లేనివాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవరాళ్లు ఇవాళ భద్రాచలంలో సెల్‌ఫోన్లో చూడదలచుకుంటే చూడొచ్చు. నాలాంటివాళ్లం వాటిని తరగతి గదిలో తెర మీద వేసి పాఠం చెప్పాం. ఒకసారి కొండరెడ్డి అమ్మాయి ఒకతె క్లాసులో ఉంది. ఆ స్లైడు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లింది. మంచినీళ్లకు వెళ్లిందనుకున్నాను.

కెయిన్, థర్‌స్టన్, హైమన్‌డార్ఫ్, పాత్, నేను. ఈ వరసలో నన్ను చేర్చుకోవడం అతి అని మిత్రురాలు ఒకామె అంది. అధికారంలో తేడా లేదా అంది. ఉంది. నా వెనక కంపెనీ లేదు, సూది లేదు. కానీ రాసుకుని పట్టుకెళ్లడం అన్న పని అందరం చేశాం, రాసింది చూపించడానికి తిరిగి ఎవరమూ రాలేదు.

గోప్యత హక్కు గురించి మాట్లాడేటప్పుడు మన న్యాయ చరిత్రలో ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో నటి సరిత కేసు వచ్చింది. కాపురానికి రమ్మని భర్త కోర్టుకెక్కాడు. హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ స్త్రీ శరీరం మీద, ఆమె ఏకాంతం మీద దాడి అని, రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టేశారు. మరుసటేడే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందంది. అయినా కంప్యూటర్లు, ఆధార్ లేని రోజుల్లో తెలుగు నేల మీద గోప్యత ఒక స్త్రీ ఒంటి ప్రశ్నగా ముందుకొచ్చింది. నా ఒంటి దగ్గరికి ఎవరు రావాలో నేను చెప్తాను అన్నది దాని సారం. తర్వాత ఆధార్ మీద వచ్చిన పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. గోప్యత పేరుతో ఇంట్లో హింసను కప్పిపుచ్చుతారన్న స్త్రీవాదుల విమర్శను కూడా ఆ తీర్పులో చర్చించారు. భద్రాచలం కేసు విడిగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అయితే 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో వాడుకోవచ్చా అన్న ప్రశ్నను. వాడుకోవచ్చంది. పిల్లల కథ ఇంకో ప్రశ్నకు ఉదాహరణ అయింది.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలని అందులో ఉంది. చదివి సంతోషపడ్డాను. తర్వాత మినహాయింపులు చదివాను. పరిశోధన కోసం, గణాంకాల కోసం వాడే వివరాలకు, ఆ మనిషి విషయంలో నేరుగా ఏ నిర్ణయమూ తీసుకోనంత వరకు, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే మినహాయింపు. పథకాలూ రాయితీలూ ఇచ్చే ప్రభుత్వానికి కొన్ని షరతులతో వెసులుబాటు. పైగా ఆ చట్టం వర్తించేది డిజిటల్ రూపంలో ఉన్న, లేదా ఆ రూపంలోకి ఎక్కించిన వివరాలకే. కాగితం మీద ఉండిపోయిన ఫారానికి వర్తించదు. నా నీలం నోటుబుక్కుకీ వర్తించదు. చట్టం ప్రకారం నేను నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఒకవేళ ఆ పిల్లల్లో ఒకరు నా ఫారం నాకు చూపించండి అని అడగదలచుకుంటే ఏ ఆఫీసుకు వెళ్లాలి? ఖమ్మం జిల్లాలో సూది వేయించుకున్న పిల్ల ఊరు, 2014లో పోలవరం కోసం ముంపు మండలాల్ని విడదీసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో తూర్పుగోదావరికి పోయింది. భద్రాచలం పట్టణం ఇటు ఉండిపోయింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. 2016లో ఇటుపక్క భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, 2022లో అటుపక్క అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాయి. తిరుమలాయపాలెం పిల్ల ఖమ్మంలోనే ఉంది. ఒకే వరసలో నిలబడి సూది వేయించుకున్న ఇద్దరు పిల్లలు ఇవాళ రెండు రాష్ట్రాల మనుషులు.

నోటుబుక్కు దొరికాక తగలబెట్టేద్దామనుకున్నాను. గ్యాసు పొయ్యి దాకా వెళ్లాను కూడా. తగలబెట్టడం కూడా వాళ్లను అడక్కుండా చేసే పనే అనిపించి ఆగాను. ఏజెన్సీలో టీచరుగా పనిచేసే పాత విద్యార్థిని సాయంతో ఒకమ్మాయిని వెతికాను. ఆమెకు ఇప్పుడు ఇరవై ఎనిమిదో ఇరవై తొమ్మిదో, జూన్ పుట్టినరోజు లెక్కన. ఇద్దరు పిల్లలు. (ఆమెను గుర్తుపట్టగల వివరాలు మార్చాను. ఇంతవరకు రాయడానికి ఆమె ఒప్పుకుంది.) ముందు ఫోనులో అడిగితే రమ్మంది. ఇంట్లో మాట్లాడదామంటే వద్దని రేవు వైపు తీసుకెళ్లింది.

పుస్తకం తెరిచి ఆమె గడి చూపించాను. తెలుగు బాగానే చదువుతుంది. వేలు పెట్టి మెల్లగా చదివి, పకపకా నవ్వింది.

“అక్కా, ఇది అబద్ధం.”

“ఏది?”

“నేనప్పటికి పెద్దమనిషిని కాలేదు. పక్కనున్నోళ్లంతా అయ్యామంటుంటే నేనూ అయ్యానన్నా. నువ్వు అట్లా చూస్తుంటివి, ఏదో ఒకటి చెప్పాలిగా.”

ఆమె గడిలో నేను “సూది తర్వాత నెల తిరక్కుండానే” అని రాసుకుని ఉన్నాను. ఆ యేడాది ఒక సభలో, పేరు చెప్పకుండా, ఆ వాక్యాన్ని చదివాను. చప్పట్లు కొట్టారు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. చప్పట్లు ఎందుకు కొట్టారని అడిగింది. చెప్పడానికి ప్రయత్నించాను. పూర్తిగా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

“మీ ఆయనకు ఈ సూది సంగతి తెలుసా?” అన్నాను.

“తెలవదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఎందుకు చెప్పాలి?” అంది. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు అంది.

పుస్తకం ఆమె చేతికిచ్చి, నీ పేజీ నువ్వు తీసుకుపో, చించెయ్యి, ఏం చేసినా నీ ఇష్టం అన్నాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. మిగతా పేర్లు చదువుకుంది. ఇద్దరి దగ్గర ఆగి వాళ్ల అల్లరి ఏదో గుర్తొచ్చి నవ్వుకుంది. ఒక పేరు దగ్గర నవ్వలేదు. తర్వాత నా పెన్ను అడిగి తీసుకుని తన పేరూ ఊరూ కనిపించకుండా కొట్టేసింది. పెద్దమనిషి గడిలో నేను రాసింది కొట్టేసి పక్కన “కాలేదు” అని రాసింది. కడుపునొప్పి గడి జోలికి పోలేదు. “అది నిజమే, ఉండనీ” అంది.

మిగతావాళ్లను కూడా అడగాలనుకుంటున్నానని చెప్పాను. అందులో ముగ్గురు ఎక్కడున్నారో తనకు తెలుసంది. ఒకామె కొంట వైపు ఛత్తీస్‌గఢ్‌లో కాపురం చేస్తోంది, ఇద్దరు చింతూరు దగ్గర. ఫోను నంబర్లు ఇమ్మంటే ఇవ్వలేదు. “నేనే ముందు అడుగుతా అక్కా. వాళ్లు సరేనంటే నీకు చేస్తా” అంది. పుస్తకం ఇప్పుడు నా బీరువాలో, తాళం వేసిన అరలో ఉంది. ఒకామె వద్దన్నదని కబురు వచ్చింది. ఆ పేజీ తీసి చుట్టి ఆమెకు పంపించాను. మిగతా ఇద్దరి సంగతి తునికాకు కోతలు అయ్యాక కనుక్కుంటానంది.